సూదిమొనంత బెజ్జం

మా ఆయన భుజం ఎముక విరిగి సముద్రం మీద వేటకు పోవడం మానుకున్న ఏడాది మేము పాత డీజిల్ పికప్ బండి ఒకటి కొన్నాం. అంతకు ముందు ఎవరో వాకాడు వైపు దాంతో వడ్ల బస్తాలు తోలారట. మా చేతికి వచ్చేసరికి తలుపుల మీద రంగు పెచ్చులూడిపోయింది. వెనక తొట్టిలో చెక్కలు అరిగిపోయాయి. ఇంజన్ మాత్రం గట్టిది. మైపాడు నుంచి నెల్లూరు మార్కెట్టుకు చేపలు చేర్చడమే ఇక మా బతుకు. మా వీధి ఆడవాళ్లు ఆరుగురు గంపలతో సహా వెనక ఎక్కేవాళ్లు. మా ఆయన తోలేవాడు. ముందు సీట్లో నేను, నా కాళ్ల మధ్య ఐసు డబ్బా.

ఆరేళ్లు ఏ పేచీ పెట్టకుండా నడిచిన బండి, ఏడో ఏడు పొద్దున పూట మొరాయించడం మొదలుపెట్టింది. మొదట్లో తాళం రెండు మూడుసార్లు తిప్పితే లేచేది. తర్వాత పదిసార్లు. ఆ తర్వాత సెల్ఫ్ మూలుగుతూ మూలుగుతూ నీరసించేది. అందరం దిగి సిమెంటు రోడ్డు మీద నెట్టేవాళ్లం. ఒకసారి లేచిందంటే ఇక సాయంత్రం దాకా బంగారం. మార్కెట్లో మూడు గంటలు నిలిపి ఉంచినా తాళం తగలగానే లేచేది. అదే మాకు అర్థం కాని విషయం.

నెల్లూరులో ఇద్దరు మెకానిక్‌లకు చూపించాం. ఒకాయన బ్యాటరీ మార్చాడు. ఇంకొకాయన హీటర్ ప్లగ్గులు మార్చి, సెల్ఫ్ మోటారు విప్పి బాగుచేశాడు. వాళ్ల తప్పు కూడా లేదనుకుంటాను. జబ్బు తెల్లవారుజామున వచ్చేది. మేము పదకొండు గంటలకు, వేడి వేడి ఇంజన్‌తో వాళ్ల ముందుకు పోయేవాళ్లం. "బాగానే ఉండాది గదన్నా" అనేవాళ్లు. మర్నాడు పొద్దున మళ్లీ అదే మూలుగు.

మార్కెట్టులో చేపల వేలం పాట ఎవరి కోసమూ ఆగదు. ఆలస్యమైన రోజు మెత్తబడిన చేపను అడిగేవాడు ఉండడు. ఆరుగురిలో ఇద్దరు ఒకరోజు ఏమీ అనకుండా గంపలు దించుకుని వేరే ఆటో ఎక్కారు. అది చూసి మా ఆయన స్టీరింగు మీద గుద్దాడు. సముద్రం మీద పడవ ఇంజన్ ఆగిపోతే పక్క పడవల వాళ్లు కేకేసి పిలిచేది ఆయననే. అట్లాంటి మనిషి ఊరి నడిమధ్య తాళం పట్టుకుని తలవంచుకుని కూర్చున్నాడు. ఆ పొద్దు నేను కూడా ఒక మాట తూలాను. "పడవంటే తెలుసు గానీ బండంటే ఏం తెలుసులే నీకు" అన్నాను. నెల్లూరు చేరేదాకా మా మధ్య మాట లేదు.

ఆ రోజుల్లోనే మా ఊరి నర్సమ్మ ఇంటికి వాళ్ల నాన్న వచ్చాడు. బిట్రగుంట రైల్వే షెడ్డులో ముప్పై ఏళ్లకు పైగా ఇంజన్ల మధ్య పనిచేసి రిటైరైన మనిషి. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. కుడిచేతి చూపుడువేలికి కొస లేదు. పొద్దున్నే సముద్రం దాకా నడిచిపోయేవాడు. దారిలో మా గోల చూసి ప్రహరీగోడ పక్కన ఆగేవాడు. మేము నెట్టడం, బండి లేవడం, మేము పరిగెత్తి ఎక్కడం, అంతా చూసి తన దారిన తాను పోయేవాడు. వారం రోజులు ఒక్క మాట మాట్లాడలేదు. మా ఆయనకు చిరాకుగా ఉండేది. "ఏందో సినిమా చూసినట్టు చూస్తాడు ముసలాయన" అనేవాడు.

ఎనిమిదో రోజు సాయంత్రం ఆయనే మా ఇంటికి వచ్చాడు.

"రేపు పొద్దున నేనొచ్చేదాకా తాళం పెట్టబాకండి," అన్నాడు.

మర్నాడు ఇంకా సూర్యుడు పైకి రాకముందే వచ్చాడు. చేతిలో పనిముట్టు ఏదీ లేదు. బానెట్ ఎత్తమని కూడా అడగలేదు. నన్ను వెనక సైలెన్సర్ దగ్గర నిలబడమన్నాడు.

"అమ్మా, నీ మొగుడు తాళం తిప్పుతాడు. పొగ ఏ రంగో నువ్వు చూసి చెప్పాల."

మా ఆయన తిప్పాడు. సెల్ఫ్ తిరిగింది. నేను వంగి చూశాను.

"పొగే రాలేదు పెద్దాయనా."

"బాగా చూసినావా? తెల్లగా, సన్నంగా కూడా రాలేదా?"

"అస్సలు లేదు."

ఆయన తల ఊపాడు. "హీటర్ ప్లగ్గులు పనిచేయకపోతే తెల్లపొగ కక్కుతాది. డీజిల్ లోపలికి పోయి కాలకుండా బయటికొస్తాది గాబట్టి. పొగే లేదంటే డీజిల్ ఇంజన్ దాకా చేరనే లేదు. ఆకలి మీదుండే దాన్ని కొట్టి లేపితే ఏం లేస్తాది?"

రోజూ ఆ సైలెన్సర్ వెనకే నిలబడి బండిని నెట్టినదాన్ని నేను. పొగ లేదన్న సంగతి రోజూ నా కళ్ల ముందే ఉంది. లేనిదాన్ని కూడా చూడవచ్చని, అదీ ఒక సాక్ష్యమేనని ఆ పొద్దే తెలిసింది.

ఆయన నన్నే మళ్లీ అడిగాడు. "ఈ మధ్య ఎప్పుడన్నా పొద్దున్నే ఒక్క తిప్పుకే లేచిందా?"

లేదని మా ఆయన చెప్పబోతుండగా నాకు గుర్తుకు వచ్చింది. మా వీధిలో రోడ్డు వేసినప్పుడు నాలుగు రాత్రులు బండిని తుఫాను షెల్టరు ముందున్న వాలు మీద పెట్టాం. ఆ నాలుగు పొద్దులూ చక్కగా లేచింది. చెబుదామా వద్దా అనిపించింది. నవ్వుతారేమోనని భయం. అయినా చెప్పాను.

ఆయన నా వైపు పూర్తిగా తిరిగాడు. "ముందు భాగం కిందికుందా, పైకుందా?"

"కిందికే. ఇంజన్ వైపు పల్లం."

"పొద్దున బండి తీసినాక కింద ఏమన్నా తడి ఉన్నిందా?"

ఉంది. అరచేతి వెడల్పున ఒక మరక. చేపల నీళ్లనుకున్నాను. కానీ దాని మీద రంగురంగుల పొర తేలుతూ కనిపించింది. ఆ మాట అనగానే పెద్దాయన కళ్లు మూసుకుని చిన్నగా నవ్వాడు.

"సగం రిపేరు నువ్వే చేసినావు గదమ్మా," అన్నాడు.

మా ఆయన తాళం చేతిలో పట్టుకుని నా వైపు చూశాడు. చాలా రోజుల తర్వాత చూసిన చూపు అది.

ఆ పొద్దు బండిని మామూలుగానే నెట్టి మార్కెట్టుకు పోయి వచ్చాం. మధ్యాహ్నం పెద్దాయన పక్కింటి మేస్త్రీ దగ్గర గోడల మట్టం చూసే లెవెల్ పైపు ముక్క ఒకటి అడిగి తెచ్చాడు. లోపలిది బయటికి కనిపించే పైపు. ఫిల్టర్ దగ్గర నల్ల రబ్బరు పైపు తీసి దాని స్థానంలో దీన్ని బిగించాడు. ఇంజన్ స్టార్ట్ చేయమన్నాడు.

"ఇప్పుడు చూడండి."

ముగ్గురం తలలు కలిపి వంగాం. పైపు నిండా డీజిల్, పలచటి తేనె రంగులో, ఎండ తగిలి మెరుస్తోంది. మొదట కదులుతున్నట్టే తెలియలేదు. అంతలో ఒక బుడగ వచ్చింది. ఆవగింజంత. దాని వెనక ఇంకొకటి. కాస్త ఆగి మరో మూడు. ఎవరో వరుసలో నిలబెట్టి పంపిస్తున్నట్టు ఒకదాని వెంట ఒకటి జారుకుంటూ ఇంజన్‌లోకి పోతున్నాయి. ఆరేళ్లుగా రోజూ ఆ ఇంజన్ వేడి పాదాలకు తగులుతూ కూర్చున్నాను. దాని లోపల ఇట్లాంటి కదలిక ఒకటి ఉందని ఒక్కనాడూ తోచలేదు. కడుపులో బిడ్డ గుండె కొట్టుకోవడం స్కానింగు తెర మీద మొదటిసారి చూసినట్టే అనిపించింది.

"అదంతా గాలి," అన్నాడు పెద్దాయన. "డీజిల్‌లో గాలి ఉండకూడదు. యాడనో దూరతా ఉండాది."

ఆ రాత్రి పైపును అట్లాగే ఉంచమన్నాడు. తెల్లవారి బానెట్ ఎత్తి చూస్తే పైపు ఖాళీ. అడుగున సన్నటి తడి చార తప్ప ఏమీ లేదు. అంత డీజిల్ ఎటు పోయింది? కింద నేల మీద చుక్క లేదు. మా ఆయన మోకాళ్ల మీద కూర్చుని బండి కిందికి తొంగిచూశాడు. "అంతా యాడికి పోయింది పెద్దాయనా?" అని అడిగాడు.

"వచ్చిన కాడికే. ట్యాంకులోకి. గాలి దూరే సందుంటే డీజిల్ నిలబడదు నాయనా. రాత్రంతా మెల్లిగా వెనక్కి దిగిపోతాది. పొద్దున ఇంజన్ దాన్ని మళ్లా అంత దూరం నుంచి లాక్కోవాల. ఆలోపల మీ బ్యాటరీ అయిపోతాది. మార్కెట్టులో మూడు గంటలు ఆగితే దిగేది కొంచెమే, అందుకే లేస్తాది. వాలు మీద పెడితే ట్యాంకు ఎత్తులో ఉంటాది, వెనక్కి పోదు. ఆ సందులోంచి చుక్కచుక్క బయటికి కారతాది. నీ భార్య చూసిన మరక అదే."

మేము విడివిడిగా, పిచ్చి పిచ్చిగా అనుకున్నవన్నీ ఆయన చెప్పిన ఒక్క మాటకు లొంగిపోయాయి. ఒక్కటి కూడా బయట మిగల్లేదు. బండి పక్కనే నిలబడి నేను ఆయన ముఖం వైపే చూస్తూ ఉండిపోయాను.

ఆ ఆదివారం మార్కెట్టుకు సెలవు పెట్టాం. ఆయన లెవెల్ పైపు ముక్కను ట్యాంకు దగ్గర పెట్టి చూశాడు. అక్కడ బుడగ లేదు. ఫిల్టరుకు వచ్చే చోట పెట్టాడు. అక్కడ ఉంది. అంటే ఆ రెండింటి మధ్య, తొట్టి కింద పోయే ఇనుప పైపులోనే ఉంది సందు. పైపు విప్పి బయటికి లాగారు. ఒక కొసను పెద్దాయన బొటనవేలితో మూశాడు. రెండో కొసకు మా ఆయన సైకిలు పంపు తగిలించి గాలి కొట్టాడు. నేను షాంపూ నురగ చేసి పైపు పొడుగునా పూస్తూ పోయాను.

సగం దాకా ఏమీ లేదు. బిగింపు పట్టీ ఉన్న చోట నా వేలి కింద నురగ కదిలింది. చెయ్యి తీశాను. అక్కడ ఒక బుడగ నిదానంగా ఉబ్బింది. పెసరగింజంత, శనగగింజంత, గోళీ అంత అయింది. చుట్టూ రంగులు తిరిగాయి. పగిలింది. మళ్లీ అదే చోట ఇంకొకటి ఉబ్బడం మొదలైంది.

"దొరికింది!" అని అరిచాను. ఎదురింటి వాళ్లు ఏమైందోనని బయటికి వచ్చారు.

పెద్దాయన గోటితో తుప్పు గీకి చూపించాడు. సూదిమొనంత బెజ్జం. తొట్టి చెక్కల సందులోంచి ఆరేళ్లుగా చేపల ఐసు కరిగిన ఉప్పునీళ్లు సరిగ్గా అక్కడే, ఆ పట్టీ మీదే కారుతూ వచ్చాయి. పట్టీ కింద నిలిచిపోయి ఇనుమును తినేశాయి. మేము అమ్మిన ప్రతి గంప నుంచీ రెండు చుక్కలు అక్కడ పడ్డట్టే.

"ఇంత బెజ్జమా!" అన్నాడు మా ఆయన. "దీనికా ఇంతమందిమి నెట్టింది?" ఆయన పైపును కంటి దగ్గర పెట్టుకుని ఆకాశం వైపు తిప్పి చూశాడు. వెలుగు కనిపిస్తుందేమోనని కాబోలు. తర్వాత నా చేతికిచ్చాడు. "నువ్వు చూడు," అన్నాడు. ఆ రోజు తూలిన మాటకు నేను క్షమాపణ అడగనేలేదు. పైపు అందుకుంటూ ఆయన చెయ్యి కాసేపు వదలకుండా పట్టుకున్నాను. ఆయనకు అర్థమయ్యే ఉంటుంది.

నెల్లూరు నుంచి కొత్త పైపు తెచ్చారు. పెద్దాయన దాన్ని పాత దారిలో కాకుండా చెక్కల సందు తప్పించి పక్కగా వంచి బిగించాడు. పైన పాత ట్యూబు రబ్బరు కప్పి కట్టాడు.

సోమవారం పొద్దున ఆడవాళ్లు నలుగురూ అలవాటుగా బండి వెనకే నిలబడ్డారు, నెట్టడానికి. మా ఆయన తాళం తిప్పాడు. ఒక్క తిప్పుకే ఇంజన్ లేచింది. వాళ్ల చేతులు ఇంకా తొట్టి మీదే ఉన్నాయి. అందరిలోకీ పెద్దావిడ వచ్చి బానెట్‌ను తాకి కళ్లకద్దుకుంది. తర్వాత అందరం నవ్వుకున్నాం. వేరే ఆటో ఎక్కిన ఇద్దరూ నెల తిరక్కుండానే తిరిగి వచ్చారు.

పెద్దాయనకు ఏమివ్వాలో తెలియలేదు. చందువ చేప తీసుకుపోతే నర్సమ్మ పులుసు పెట్టింది గానీ, ఆయన వేరేది అడిగాడు. బిట్రగుంట పోయే రోజున బస్సు కాకుండా మా బండిలోనే నెల్లూరు దాకా వస్తానన్నాడు. నేను గంపలతో పాటు వెనక ఎక్కి ఆయనకు ముందు సీటు ఇచ్చాను. వెనక అద్దంలోంచి ఆయన తల కనిపిస్తూ ఉంది. దారి పొడుగునా కళ్లు మూసుకుని, అరచెయ్యి డాష్‌బోర్డు మీద ఆనించి కూర్చున్నాడు. రెండుసార్లు మాత్రం మా ఆయనతో ఏదో అన్నాడు. గాలి హోరులో నాకు వినపడలేదు.

బస్టాండు దగ్గర ఆయన సంచి నేనే దించాను. "దోవలో ఏం వింటా ఉన్నారు పెద్దాయనా?" అని అడిగాను.

"నీ బండి చానా దూరం పోతాదమ్మా," అన్నాడు. "ఆయిల్ మాత్రం ఈ నెలలో మార్చండి. అశ్రద్ధ చేయబాకండి."

సంచి భుజాన వేసుకుని, బిట్రగుంట మీదుగా పోయే కావలి బస్సు వైపు నడిచిపోయాడు. మా ఆయన ఇంజన్ ఆపలేదు. మార్కెట్టులో పాట మొదలయ్యే వేళయింది.