వాకాడు తీరాన లైట్లూ తాబేటి పిల్లలూ

అరవైల మొదట్లో నెల్లూరులో మాకు పెట్రోమాక్స్ లైట్లు అద్దెకిచ్చే దుకాణం ఉండేది. వైశాఖమాసం వచ్చిందంటే మా ఆయన ఇంటిపట్టున ఉండేవాడు కాదు. ఆ ఏడు వాకాడు అవతల, సముద్రపు ఒడ్డున ఉన్న ఒక పాళెం నుంచి పోలయ్య అనే ఆయన వచ్చాడు. చేపల వేట ఆయన బతుకుతెరువు. కూతురి పెళ్లికి లైట్లు కావాలన్నాడు. ఆ పాళెంలో అంతవరకూ పెళ్లంటే రెండు దివిటీలే తప్ప ఇలాంటి లైటు వెలిగింది లేదట. నెల్లూరులోనే పుట్టి పెరిగినా సముద్రం నేను చూసింది ఒక్కసారే, అదీ ఊహ తెలియని రోజుల్లో. నేనూ వస్తానన్నాను. లైట్లు నెత్తిన మోస్తావా అని మా ఆయన ఎగతాళి చేశాడు గానీ, స్టేషనులో మాత్రం రెండు టిక్కెట్లు తీశాడు.

తెల్లవారుజామున పాసింజరు ఎక్కాం. వరిగడ్డి కూరిన చెక్కపెట్టెల్లో లైట్లు సర్దుకున్నాం. గాజులు పగులుతాయని ఆయన దారి పొడుగునా పెట్టెల మీద నుంచి చేయి తీయలేదు. నా మీద ఏనాడూ అంత శ్రద్ధ చూపించి ఎరగడు. ఎదురు బల్ల మీద గూడూరు నిమ్మకాయల వ్యాపారి భార్య కూర్చుంది. ఎక్కడికని అడిగి, పాళెం పేరు చెప్పగానే నా కాళ్ల వంక చూసి, "చెప్పులు మర్చిపోబాకమ్మా, ఆడ ఇసక నిప్పులే" అంది. ఆ ఒక్క మాటకు ఆమెను ఆ రోజంతా తలుచుకున్నాను.

గూడూరులో స్టేషను ఎదుట హోటల్లో ఇడ్లీ తిని, కోట అనే ఊరి మీదుగా వాకాడు పోయే బస్సు ఎక్కాం. పెట్టెలు బస్సు మీదకెక్కాయి, వాటితోపాటు మా ఆయన ప్రాణం కూడా. మధ్యాహ్నానికి వాకాడులో దిగేసరికి పోలయ్య పంపిన ఎద్దులబండి సిద్ధంగా ఉంది. బకింగ్‌హాం కాలువ దాకా బండిలో, ఆపైన పడవలో. ఈ దారిన వెళ్లదలచినవాళ్లు ఎండ చల్లబడ్డాక కాలువ దాటడం మేలు.

పాళెంలో మాకు జరిగిన మర్యాద ఇంతా అంతా కాదు. తాగే నీళ్ల కోసం పోలయ్య తల్లి ఇసుకలో చెలమ తవ్వి, తేటపడేదాకా కూర్చుని చిప్పతో తోడి తెచ్చింది. సముద్రానికి అంత దగ్గర్లో అంత తియ్యటి నీళ్లు! మామిడికాయ వేసిన చేపల పులుసు, వేడన్నం. మేము పెళ్లికి వచ్చిన పనివాళ్లమన్న మాట అక్కడ ఎవరికీ గుర్తున్నట్టు లేదు. పోలయ్య భార్య నా పక్కన కూర్చుని మనసు విప్పింది. పోయిన ఏడు కుదిరిన సంబంధం మర్యాదల దగ్గర మాటామాటా వచ్చి తప్పిపోయిందట. అందుకే ఈసారి ఎదుర్కోలు ఘనంగా జరగాలని లైట్లు తెప్పించారు.

మగపెళ్లివారిది ఒడ్డునే ఉన్న పక్క పాళెం. వాళ్లు ఒడ్డు వెంబడి నడిచి వస్తారు. ఆడపెళ్లివారు మేళంతో, పానకంతో సగం దూరం ఎదురు వెళ్లి తోడ్కొని రావాలి. అదీ అక్కడి ఎదుర్కోలు.

చీకటి పడగానే మా ఆయన పంపు కొట్టి లైట్లన్నీ వెలిగించాడు. ఇసుకంతా పట్టపగలయింది. జనం నోళ్లు తెరుచుకుని చూస్తుంటే ఆయన మీసం మీద చెయ్యి వేసుకున్నాడు. లైట్లు నెత్తికెత్తుకున్నవాళ్లు ముందు, మేళం వెనక, ఆ వెనక మేమూ కదిలాం. కొంత దూరం పోయాక పోలయ్య తల్లి ఆగి కిందికి వంగింది. ఇసుక కదులుతోంది. అరచేతిలో ఇమిడేంత తాబేటి పిల్లలు, గుంపుగా, సముద్రానికి వీపు పెట్టి మా వైపు పాకి వస్తున్నాయి. ఒకటి అప్పటికే ఎవరి కాలి కిందో నలిగి ఉంది. వలలో తాబేలు పడితే పసుపూ కుంకుమా పెట్టి మళ్లీ నీళ్లలో వదిలే మనుషులు వాళ్లు. పోలయ్య తల్లి కొడుకు చెయ్యి పట్టుకుని ఆపింది.

"తెల్లంగా ఉండే తట్టు సముద్రం అనుకుంటాయిరా అయి. మన లైట్లు జూసి వస్తుండాయి."

మేళం ఆగిపోయింది. దూరాన మగపెళ్లివారి లైటు ఒకటి కనిపిస్తోంది, వాళ్ల డోలు వినిపిస్తోంది. చీకట్లో వియ్యంకుణ్ణి ఎదుర్కొంటే అంతకంటే అవమానం లేదు. పోలయ్య ఆ లైటు వంక చూశాడు, కాళ్ల దగ్గరి పిల్లల వంక చూశాడు.

"అన్నా, ఆర్పేయండి," అన్నాడు మా ఆయనతో.

మగపెళ్లివాళ్లు ఏమనుకుంటారని మా ఆయన నసిగాడు.

"నేను బోయి చెప్పుకుంటా. ఒప్పుకుంటే మా అదృష్టం."

మా ఆయన ఒక్కొక్క లైటుకూ గాలి తీసి ఆర్పాడు. పోలయ్య ఒక్కడే చీకట్లో నడిచి వెళ్లాడు. కాసేపటికి అవతలి డోలు ఆగింది. లైటు మాత్రం ఉన్నచోటే ఉంది. పోలయ్య భార్య నా చెయ్యి నొప్పి పుట్టేలా పట్టుకుంది. అంతలో దూరాన ఉన్న ఆ ఒక్క లైటూ ఆరిపోయింది. ఆమె ఇసుకలో కూలబడి ఏడ్చింది. నాకూ కళ్లనీళ్లు ఆగలేదు.

కళ్లు చీకటికి అలవాటు పడ్డాక అలల తెల్లటి నురగ కనిపించింది. పిల్లలు మెల్లగా అటు తిరిగాయి. అవన్నీ నీళ్లు చేరేదాకా రెండు వైపుల పెళ్లివారూ కదలకుండా నిలబడ్డారు. ఆ తర్వాత ఎదుర్కోలు చీకట్లోనే జరిగింది. పెళ్లికొడుకనుకుని డోలు వాయించేవాడికి పానకం ఇచ్చి అందరూ నవ్వుకున్నారు. లైట్లు మళ్లీ వెలిగింది ఇసుకదిబ్బ వెనక, పందిట్లోనే.

తిరుగు ప్రయాణంలో కాలువ దగ్గరకు పెళ్లికొడుకు తండ్రి స్వయంగా వచ్చి మా పెట్టెలు పడవలో పెట్టాడు. రాత్రి ఆర్పిన లైటు ఆయన చేతిలో ఉంది. దాన్ని మా ఆయనకిచ్చాడు.

"ఒడ్డున నా చేపల కొట్టం కాడ ఇది రాత్రంతా వెలగతా ఉంటాదన్నా. పొద్దున్నే దాని చుట్టూ ఈ పిల్లలు చచ్చిపడుంటే కాకులు తెచ్చి పడేసినాయనుకునేవోణ్ణి. పోలయ్య చెప్పినాక తెలిసింది. ఈ పిల్లలు పుట్టే కాలం పోయి వానలు పడిందాకా మీ కాడే ఉంచండి."

మా ఆయన దాన్ని వాకాడు నుంచి నెల్లూరు దాకా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. నేను కిటికీ పక్కన కూర్చుని, ఆ మనుషులందరికీ మనసులోనే చేతులెత్తి మొక్కాను. ఆ రాత్రి ఒడ్డున, లైట్లు ఆరిన కాసేపటికి ఏదో సన్నగా గీరుతూ నా పాదం ఎక్కింది. ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. అది మెల్లగా నా పాదం దాటి, అవతల దిగి, సముద్రం వైపు పోయింది.