నాయనమ్మ కోసం తొలిచిన గోడ

ఈ మధ్య నాలుగు రోజులపాటు మా ఇంట్లో తడి తెల్ల సిమెంటు వాసన నిలిచింది. ఖమ్మంలో మేముండే ఫ్లాటులో స్నానాలగది పలకలు మారుస్తుంటే, ఆ చల్లటి, సున్నంలాంటి వాసన వంటింటి పోపు వాసనను కూడా దాటుకుని వచ్చి, నన్ను దమ్మపేట దగ్గరి మా ఊరికి, నా తొమ్మిదో ఏటికి, మా నాయనమ్మ మంచం దగ్గరికి తీసుకుపోయింది.

మాది అడవి అంచున ఉన్న ఊరు. ఇళ్ళు అయిపోగానే మొక్కజొన్న చేలు, చేలు దాటితే తునికి చెట్లు, ఆపైన కొండదాకా అడవే. తెలతెలవారుతుండగా ఊళ్ళో ఆడవాళ్ళందరూ చెంబులు పట్టుకుని ఆ తునికి చెట్ల వైపు నడిచేవారు. నాయనమ్మ ముందు, నేను వెనక. వేసవిలో ఇప్పపూల మత్తు వాసన, వానాకాలంలో నానిన పుట్టమన్ను వాసన, చలికాలంలో ఎవరో చేనుగట్టున రాజేసిన మంట పొగ. ఏ కూత ఏ పిట్టదో చెబుతూ నడిచేది నాయనమ్మ. తిరిగి వచ్చేటప్పుడు ఆమె కొంగులో ఏదో ఒకటి ఉండేది, తునికి పండ్లో, బోడ కాకరకాయలో, తొలకరి ఉరుములకు పుట్టల మీద గొడుగుల్లా లేచిన పుట్టకొక్కులో. ఆ పుట్టకొక్కులను ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి మట్టి చట్టిలో దగ్గరగా వండి జొన్నరొట్టె మీద పెట్టి ఇస్తే, రొట్టె అయిపోయాక వేళ్ళు కూడా నాకేవాళ్ళం. కొత్త కోడళ్ళ కష్టాలు, నెలతప్పిన కబుర్లు, అలకలు, రాజీలు, అన్నీ ఆ దారిలోనే తేలేవి.

ఒక శ్రావణమాసంలో ఆ దారిలోనే నాయనమ్మ జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఖమ్మం దవాఖానాలో ఆపరేషన్ చేసి, ఇక ఎప్పుడూ గొంతుక్కూర్చోవద్దని చెప్పి పంపారు.

ఇంటికి వచ్చాక ఆమె తినడం మానేసింది. మందులవల్ల నోరు చేదయిందనుకున్నాం. అమ్మ జావ కాచి తెస్తే రెండు గుక్కలు తాగి గిన్నె పక్కకు జరిపేది. ఒకరోజు నేను మంచినీళ్ళ గ్లాసు నోటిదగ్గర పెట్టి బతిమాలితే, చుట్టూ చూసి మెల్లగా చెప్పింది.

"తాగితే లేవాలె గద బిడ్డా. నడవలేను, కూసోలేను. అంతా మీ అమ్మ ఎత్తిపోసుడేనాయె. నాకు సిగ్గయితంది."

ఆ మాట నాన్నకు చెప్పాను. ఆయన మర్నాడు ఖమ్మం పోయి, ట్రాలీ ఆటోలో ఎండుగడ్డి పరిచి, ఒక తెల్లటి కమోడ్ తెచ్చాడు. మా ఊళ్ళో అదే మొదటిది. చూడవచ్చినవాళ్ళు దాన్ని వేలితో తట్టి, ఇది ఇంట్లోనే పెడతారా అని ముక్కున వేలేసుకున్నారు.

వెనక వసారా చివర కట్టెలు దాచుకునే ఇరుకుగది ఉండేది. ఒక మేస్త్రీ వచ్చి దాని నేలలో గొట్టం పాతి, పెరట్లో తవ్విన గుంతకు కలిపి పోయాడు. తీరా కమోడ్ తెచ్చి నిలబెడితే, వెనకనున్న నీళ్ళ టాంకీ గోడకు కొట్టుకుని, గొట్టం మీదకు రానే రాలేదు. మళ్ళీ వస్తానన్న మేస్త్రీ రాలేదు. పదిరోజులు కమోడ్ వసారాలోనే పడి ఉంది. ఆ పదిరోజుల్లో నాయనమ్మ గాజులు మోచేతిదాకా జారడం మొదలైంది. నాకు భయమేసింది.

అప్పుడు నాన్న కబురు చేస్తే సత్తుపల్లి నుంచి మస్తాన్ తాత వచ్చాడు. తాతల కాలం నుంచి వాళ్ళది తాపీపనే. తెల్ల గడ్డం, గళ్ళ లుంగీ, భుజాన గోనెసంచి. ఇరుకుగదిలో జానలతో కొలిచి, బయటికి వచ్చి నాన్నతో అన్నాడు.

"గొట్టం గోడకు బాగా దగ్గరేసిండు. తవ్వి ముందుకు జరుపుదామంటే పెద్దమ్మ మోకాళ్ళు ఎదురుగోడకు తగుల్తయ్. చోటు లేదు."

"మరి ఏం జేద్దాం భాయ్? ఇంకోటి తేవాల్నా?"

"ఎందుకు? మట్టిగోడ, మూరెడు మందమున్నది గద. దీపం గూడు లెక్క తొలిచి టాంకీని అందుల కూసోబెడ్త."

"దూలం ఈ గోడ మీదనే ఉన్నది. వానలు పడుతున్నయ్. కూలితే?"

మస్తాన్ తాత గోడకు చెవి ఆనించి, వేలి కణుపులతో కిందినుంచి పైకి తట్టుకుంటూ పోయాడు. నేనూ ఊపిరి బిగబట్టి విన్నాను. నాకు అన్నీ ఒకేలా వినిపించాయి. ఆయన మాత్రం ఒకచోట ఆగి, సుద్దతో గీత గీసి, "ఇక్కడ గట్టిగున్నది" అన్నాడు.

అంతటితో పని మొదలవుతుందనుకున్నాను. కానీ ఆయన నాయనమ్మను వసారాలో కుర్చీ మీద కూర్చోబెట్టమన్నాడు. ఆమె కొంగు ముఖం మీదకు లాక్కుంది. ఆయన ఆమె ముఖం వైపు చూడకుండా నేలమీద కూర్చుని, ఆమె పాదాల చుట్టూ సుద్దగీతలు గీశాడు.

"పెద్దమ్మా, ఒక్కసారి లేవుండ్రి. జల్దీ ఏం లేదు."

లేవబోతూ ఆమె ఎడమచెయ్యి గాలిలో దేనికోసమో తడుముకుంది. అమ్మ పరుగెత్తి పట్టుకుంది. ఆ లోపలే మస్తాన్ తాత ఆ చెయ్యి తడిమిన ఎత్తును పక్కనున్న గుంజ మీద గుర్తు పెట్టేశాడు. అంత చిన్న కదలికను అంత శ్రద్ధగా చూసే మనిషిని నేను అంతకుముందు ఎరగను.

ముందు పైన మద్దిచెక్క ఇరికించి, దాని కింద మట్టిని కొంచెం కొంచెంగా ఉలితో గీకాడు. గోడకు అవతల నాయనమ్మ మంచం ఉందని సుత్తి ముట్టుకోలేదు. రాలిన మట్టిలో, ముత్తాత ఆ గోడ పెట్టిననాడు కలిపిన వరిగడ్డి ఇంకా పసుపుపచ్చగా మెరుస్తోంది. దాన్ని అరచేతిలో పెట్టుకుని చూశాను. మూడోనాటికి టాంకీ గూట్లో ఇమిడింది. తలుపు బయటికి తెరుచుకునేలా తిప్పి బిగించాడు. ఎడమగోడకు, సుద్దగుర్తు ఎత్తులోనే, ఇనుపకడ్డీ పెట్టాడు. పెరటిగోడ మీద పెట్టిన డ్రమ్ము నుంచి టాంకీలోకి నీళ్ళు వదిలి మీట నొక్కితే, మా ఊరి వాగు ఇంట్లోకి వచ్చినట్టు హోరుమంది. నీళ్ళన్నీ పోయి, అడుగున మళ్ళీ కొన్ని తేటగా నిలిచాయి.

"గా నీళ్ళే మూత. వాసన పైకి రానియ్యవు" అన్నాడు నాతో, పెద్దవాళ్ళతో చెప్పినంత మర్యాదగా.

అతుకుల్లో పెట్టిన తెల్ల సిమెంటు ఆరేదాకా ఒకరోజు ఆగాం. మర్నాడు పొద్దున నాయనమ్మ కర్ర పట్టుకుని, ఎవరినీ రావద్దని చెప్పి, లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. బయట అమ్మ, నేను, వసారా మెట్టుమీద మస్తాన్ తాత. చాలాసేపటికి నీళ్ళ హోరు వినిపించింది. తలుపు తెరుచుకుంది. ఎడమచెయ్యి ఇంకా కడ్డీ మీదే ఉంది. అక్కడ కడ్డీ ఉందని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఆమె కొంగు సర్దుకుని, మొదటిసారి మస్తాన్ తాత వైపు చూసింది. "అయ్యా, నువ్వు తిన్నవా?" అని అడిగింది. తర్వాత అమ్మతో అంది: "ఇద్దరికీ రొట్టెలు జెయ్యి. నాకు ఆకలైతంది."

ఆ తర్వాత ఆమె పదేళ్ళకు పైనే బతికింది.

ఇప్పుడు ఆ ఇల్లు లేదు. పైకప్పు విప్పేశాక ఆ మట్టిగోడలు రెండు వానాకాలాల్లో కరిగి నేలలో కలిశాయి. మస్తాన్ తాత లేడు. తునికి చెట్ల చోట వరసలు వరసలుగా పామాయిల్ తోటలు. మొన్న వెళ్ళినప్పుడు మా తమ్ముడి కూతురిని, ఆడవాళ్ళు నడిచిన ఆ దారి ఎటుండేదో తెలుసా అని అడిగాను.

"ఏ దారి అత్తా?" అంది.

ఇంటింటా తలుపున్న గదులొచ్చాక పుట్టిన పిల్ల. ఆ పిట్టల కూతలు, కొంగులోని పుట్టకొక్కులు దానికి చెప్పాలనిపించి, చెప్పాను. ఆ దారిన ఎందుకు వెళ్ళేవాళ్ళమో మాత్రం అది అడగలేదు, నేనూ చెప్పలేదు.