బాబాయ్ రాసిన తీగల ఫైలు

మా నీటి సరఫరా ఆఫీసులో కంప్యూటర్లనీ, ఊరికి నీళ్ళు తోడే పంపుల్నీ కలిపే తీగలన్నీ ఇరవై ఎనిమిదేళ్ళుగా ఒకే మనిషి చేతిలో ఉన్నాయి. ఆయన ఆఫీసంతటికీ బాబాయ్. నెట్‌వర్క్ ఆగితే పెద్దసారు కూడా "బాబాయ్ ఏడీ?" అంటాడు తప్ప ఏమైందని అడగడు. ఆయనకు తెలియని తీగ లేదని అందరి నమ్మకం. ఆ నమ్మకాన్ని ఆయనా బాగానే మేపాడు.

శుక్రవారం ఆయన రిటైర్మెంటు. సోమవారం నుంచి ఆ కుర్చీ నాది. మా ఆఫీసుకి ఉన్నట్టుండి జ్ఞానం మీద ప్రేమ పుట్టుకొచ్చి, ఎవరి బుర్రలో ఉన్నది వాళ్ళు ఫైలుకెక్కించాలనీ, ఎక్కడికి పోతుందో చెప్పే చీటీ లేని తీగలన్నీ పీకేయాలనీ సర్క్యులర్ వచ్చింది. పంపేవాడు, అందుకునేవాడు, మధ్యన దారి, ఇద్దరికీ తెలిసిన భాష ఉంటేనే సమాచారం చేరుతుందని శిక్షణలో మూడు రోజులు నూరిపోశారు. బాబాయ్ ఫైలు తెరిస్తే ఆ భాష ఒక్కటే లేదు.

"పొడుం గుమాస్తా లైను. అలిగే టైపిస్టు లైను. తుమ్ముల మేడమ్ లైను, కాస్త లూజు." ఇలా నలభై పేజీలు.

"వీళ్ళంతా ఎవరు బాబాయ్?"

"తీగలు లాగినప్పుడు ఆ సీట్లలో ఉన్నవాళ్ళు."

"ఇప్పుడెక్కడున్నారు?"

"సగంమంది పోయారమ్మా."

నాకు ఒళ్ళు మండింది. సోమవారం ఏ లైను ఆగినా పోయినవాళ్ళని అడిగి రావాలన్నమాట. నాలుగు రోజులు ఆయన్ని అంతస్తు అంతస్తూ తిప్పి, ప్రతి పేరు పక్కన గది నంబరూ సీటు నంబరూ రాసుకున్నాను. టైపిస్టు ఎందుకు అలిగేదో కూడా చెప్పాడు మహానుభావుడు, అడక్కపోయినా.

శుక్రవారం మధ్యాహ్నం చివరి తీగ దగ్గరికొచ్చాం. దానికి చీటీ లేదు, ఫైల్లో ముక్క లేదు. అది తగిలించిన చోట లైటు మాత్రం మిణుకుమిణుకుమంటోంది, అంటే ఏదో నడుస్తూనే ఉంది.

"ఇదెక్కడికి?"

ఆయన తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "తెలీదమ్మా. ఎవరో లాగి వదిలేశారు, పదకొండేళ్ళుగా చూస్తున్నా. పీకితే ఏ పంపు ఆగుతుందోనని ముట్టుకోలేదు. ఇది మాత్రం రాయకు. ఇన్నాళ్ళ పేరు పోతుంది."

"నేను అడక్కపోయుంటే సోమవారం దీన్ని పీకేసేదాన్ని బాబాయ్. ఊరికి నీళ్ళు ఆగితే నా ఉద్యోగం ఊడేది. మీరు చూస్తూ ఊరుకునేవారా?"

అనేశాక నాకే బాధేసింది. అయినా వెనక్కి తీసుకోలేదు.

బయట వీడ్కోలు సభకి కుర్చీలు వేస్తున్నారు. ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. తర్వాత నా చేతిలోంచి ఫైలు తీసుకుని, "ఎక్కడికి పోతుందో నాకు తెలియదు. పీకవద్దు" అని రాసి, కింద తేదీ వేసి సంతకం పెట్టాడు. మా ఆఫీసు ఫైళ్ళన్నిట్లో తెలియదని రాసి సంతకం పెట్టిన మనిషి ఆయనొక్కడే.