ఉస్తాద్ కారు, సదానందం పెట్టిన బల్బులు

1985లో జనగామలో, హైదరాబాద్–వరంగల్ రోడ్డు మీద నాకు ఆటో ఎలక్ట్రికల్ షాపు ఉండేది. లారీలు, జీపులు, ట్రాక్టర్లు, అప్పుడప్పుడు ఒక అంబాసిడర్ వచ్చేవి. రోడ్డుకు అవతల బస్టాండు వైపు సదానందం షాపు. మేమిద్దరం ఒకే ఉస్తాద్ దగ్గర పని నేర్చుకున్నాం. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో బడులు మూతపడితే, ఊరికే తిరగకుండా ఉంటారని ఇంట్లోవాళ్లు మమ్మల్ని యాకూబ్ ఉస్తాద్ షాపులో పెట్టారు. బడులు తెరిచాక కూడా మేం మళ్లీ అటు పోలేదు.

ఉస్తాద్ మెచ్చుకుంటే సదానందాన్నే మెచ్చుకునేవాడు. "వాని చెయ్యి చూడు యాదగిరీ, వైరు ఎంత ముద్దుగ పరిచిండో" అనేవాడు. నాకు కడుపు రగిలిపోయేది. సొంత షాపులు పెట్టుకుని, పిల్లల తండ్రులమయ్యాక కూడా ఆ మంట చల్లారలేదు. అవతల బండి ఆగిందంటే నా చేతిలో పని ఆగిపోయేది. ఎవరిది, నా గిరాకీ కాదు కదా అని తొంగి చూసేవాణ్ని.

ఉస్తాద్ అప్పటికి షాపు మానేసి, పాత అంబాసిడర్ ఒకటి కొని కిరాయికి తిప్పుకుంటున్నాడు. పెళ్లిళ్లకు, దవాఖానకు, కేసముద్రం, మరిపెడ దాకా పోయేవాడు. ఒకనాడు ఆ కారు సదానందం షాపు ముందు ఆగింది. పొద్దంతా అక్కడే ఉంది. హెడ్‌లైట్లకు హాలోజెన్ బల్బులు పెట్టిస్తున్నాడని తెలిసింది. హాలోజెన్ అప్పుడు మాకు కొత్త. మామూలు బల్బు కంటే తెల్లగా, దూరంగా వెలుగుతుంది కానీ కరెంటు ఎక్కువ తాగుతుంది, వేడి ఎక్కువ. నా దగ్గరా ఉన్నాయి. ఉస్తాద్ ఇల్లు నా షాపుకే దగ్గర. అయినా రోడ్డు దాటి అక్కడికి పోయాడు.

కొన్నాళ్లకు ఉస్తాద్ నా షాపు ముందు కారు ఆపాడు.

"యాదగిరీ, జర ఈ లైట్లు చూడు బేటా. సదానందం పెట్టిండు గని దమ్ములేదు. మొన్న తొర్రూరు కాడ కట్టెలమోపు ఎత్తుకొని ఒక అవ్వ వస్తుంటే దగ్గరికి పొయ్యేదాంక కనవడలేదు. మోపు పడేసి ఉరికింది పాపం. బండిల కూసున్న సేటు పరేషాన్ అయిండు."

ఆ అవ్వ గురించి భయపడాల్సింది పోయి నాకు సంతోషమే కలిగింది. సదానందం పని చెడింది, అదీ ఉస్తాద్ నోటితో విన్నాను. చాయ్ తెప్పించి ఉస్తాద్‌ను కూర్చోబెట్టి బానెట్ ఎత్తాను.

లైటు మసకగా ఉంటే చూడాల్సిన జాగాలు కొన్నే. ముందు ఎర్త్ చూశాను. బల్బు నుంచి కరెంటు తిరిగి పోయే దారి అది. తుప్పు పడితే ఎంత మంచి బల్బయినా గుడ్డిగా వెలుగుతుంది. సదానందం తుప్పంతా గీకి కొత్త వైరు వేశాడు. రిలే చూశాను. స్విచ్ మీద బరువు పడకుండా బ్యాటరీ కరెంటును బల్బుకు అందించే చిన్న డబ్బా అది. రెండు రిలేలు పెట్టాడు, ఒకటి దూరం కొట్టే హైబీముకు, ఒకటి కిందికి వాలే డిప్పుకు. మీటరు పెట్టి చూస్తే బ్యాటరీ దగ్గర ఉన్న ఓల్టేజీ దాదాపు అంతా బల్బు దాకా వస్తోంది. బల్బు తీసి చూశాను. గాజు మీద వేలి మరక కూడా లేదు. హాలోజెన్ గాజును ఉత్త చేత్తో ముట్టుకుంటే ఆ జిడ్డుకే కాలిపోతుంది. గుడ్డతో పట్టుకుని పెట్టాడన్నమాట. బల్బు అంచుకున్న పళ్లు గాడిలో సరిగ్గా కూర్చున్నాయి. ఒక్కొక్కటి చూస్తుంటే నా ముఖం మాడిపోయింది.

ఇంక మిగిలింది ఫోకస్. పొద్దుగూకాక కారును పత్తి మిల్లు గోడ ముందు నిలిపి, లైట్ల ఎత్తుకు సుద్దతో గీత గీశాను. డిప్పు వెలుగు ఆ గీతకు కొంచెం కిందుగా, తాడు పట్టి కొలిచినట్టు పడింది. నాకు ఏడుపొచ్చినంత పనయింది.

కారును రోడ్డు వైపు తిప్పించి హైబీము వేయమన్నాను. వెలుగు ఎక్కడ విరుగుతుందో చూద్దామని ఉస్తాద్‌ను స్టీరింగు దగ్గరే ఉంచి, ఎదురుగా నడుచుకుంటూ పోయి వెలుగు మధ్యలో నిలబడ్డాను. ఆ కాంతికి నా అంగీ మరకలు నాకే కనిపిస్తున్నాయి.

హారన్ మోగింది. "యాదగిరీ! యాడికి పోయినవ్ రా? చాయ్ తాగనీకి పోయినవా?" అని ఉస్తాద్ కేకేశాడు.

నేను ఆయన ఎదురుగా, వెలుగు నడుమే నిలబడి ఉన్నాను.

తాళంచెవి నా దగ్గర పెట్టుకుని, పని ఇంకా ఉందని చెప్పి ఆయనను ఇంటికి పంపాను. నేరుగా సదానందం షాపుకు పోయాను. ఎన్నో ఏళ్ల తర్వాత ఆ గడప తొక్కాను.

"ఉస్తాద్ కండ్లు పోయినయ్. నీకు ఎరుకేనా?"

"ఎరుకే. మోతిబిందు, కండ్లల్ల పొర కమ్మింది. నేనే నీ దగ్గరికి పొమ్మన్న."

"నువ్వే చెప్పొచ్చు గద!"

"చెప్తే ఇనలే. బల్బు పెట్టరాక కండ్లకు వంక పెడుతున్నవ్ అన్నడు." సదానందం స్పానరు కింద పెట్టాడు. "మెచ్చుకునుడు నన్ను, నమ్ముడు నిన్ను. నేను వైరింగ్ చేస్తే 'యాదగిరీ, నువ్వొకసారి చూసి రా' అనేటోడు, యాదికున్నదా? నాకు ఎంత మండేదో నీకేం ఎరుక."

ఇన్నేళ్లూ అతనూ ఇటు చూసి కుమిలిపోయాడు.

తెల్లారి ఇద్దరం ఉస్తాద్ ఇంటికి పోయాం. నేనే చెప్పాను. ఆయన లేచి నిలబడ్డాడు.

"ఇద్దరు ఒక్కటై నా బండి గుంజుకోను వచ్చిండ్రా?"

"లైట్ల తప్పు లేదు ఉస్తాద్. నిన్న నేను వెలుగులనే నిలవడ్డ. నువ్వు నన్ను చూడలే."

"వెలుగులనేనా?"

"నడిమిట్ల."

ఆయన మళ్లీ కూర్చున్నాడు. "తాళంచెవి నీ దగ్గర్నే ఉండనీ బేటా" అన్నాడు.

వరంగల్ దవాఖానలో ఆపరేషన్ అయింది. మేమిద్దరమే తీసుకుపోయాం. దారి పొడుగునా కారు ఎవరు నడపాలని సదానందం, నేను పోటీ పడ్డాం. కళ్లకు మందపాటి అద్దాలు వచ్చాక ఉస్తాద్ నా షాపుకు వచ్చి బానెట్ ఎత్తమన్నాడు. వంగి, ఒక్కో వైరునూ వేలితో తడుముతూ చూశాడు. "ఏం చేసిండురా సదానందం!" అన్నాడు. మళ్లీ భగ్గుమంది నాకు.

లైటు మసకగా ఉందని ఎవరు వచ్చినా, ఆ తర్వాత నేను నేరుగా బానెట్ ఎత్తలేదు. ముందు డ్రైవరును సీట్లో కూర్చోబెట్టి, ఎదురుగా నడిచి పోయి, కనిపిస్తున్నానా అని అడిగేవాణ్ని. అలా మరికొందరిని కూడా కంటి దవాఖానకు పంపాను. హాలోజెన్ పెడితే మాత్రం సదానందం పెట్టినట్టే రెండు రిలేలు పెట్టి, కొత్త ఎర్త్ వేసేవాణ్ని. ఈ తీరు ఎక్కడ నేర్చుకున్నావని గిరాకీ అడిగితే, ఉస్తాద్ నేర్పాడని చెప్పేవాణ్ని.