తాతలనాటి పాటలు

మైకుసెట్టు ఆదెన్న వైర్లను పళ్ళతోనే ఒలుస్తాడు. మైకు పరీక్షకు అందరిలా "హలో" అనడు, ఓ కూనిరాగం తీస్తాడు. పాతికేళ్ళ కిందట సొంతంగా పాటలు కట్టి, ఇంట్లోనే క్యాసెట్లకెక్కించి పత్తికొండ సంతలో అమ్మేవాడు. మైకోడి పాట ఎవరు కొంటారని, ప్రతి క్యాసెట్టు మీదా 'తాతలనాటి పాటలు' అని తానే రాసేవాడు. మొన్న తాను మైకు పెట్టిన కర్నూలు కాలేజీలో గిటార్ల బ్యాండు ఆ పాటల్లో ఒకటి ఎత్తుకుంది. పాటయ్యాక ఆదెన్న, పాడిన శిల్ప దగ్గరికి పోయి, "అది నేను కట్టిందమ్మా. ఒక చరణం ఇడిచిపెట్టినారు" అన్నాడు. ఆ పిల్ల నవ్వింది. "ఏం తాతా! మా అవ్వ క్యాసెట్టు మీద 'తాతలనాటి పాటలు' అని రాసుండాది కదా!" తన చేతిరాతే తన మీద సాక్ష్యం చెబుతుంటే ఆదెన్న వంగి వైర్లు చుట్టుకున్నాడు.