పేరు కింద ఖాళీ

డిగ్రీ పాసయ్యామో లేదో పేపర్లో నంబరు వెతుక్కుని తెలుసుకునే కాలమది. నంబరుంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. తొంభైల చివర్లో హిందూపురంలో బి.కాం. ఆఖరి పరీక్షలు రాసి ధర్మవరం ఇంటికొచ్చిన మూడో రోజే నాకు రొమ్ములో మంట మొదలైంది. పడుకుంటే గొంతుదాకా పుల్లగా ఎగదన్నేది. (స్టాటిస్టిక్స్ పేపరు ఎలా రాశానో నాకొక్కడికే తెలుసు.)

మా వంశంలో పదో తరగతి దాటినవాడు లేడు. నాయన చీరలు నేస్తాడు. నేను రాగానే మగ్గం మీద పట్టు కండువా ఎక్కించి, నా పేరూ దాని కింద బి.కాం. అనీ జరీతో నేస్తానని వీధంతా చెప్పేశాడు. జరీ అక్షరం ఒకసారి పడితే పీకడానికి లేదు, బట్ట పాడవుతుంది. మగ్గం టక్కుమన్నప్పుడల్లా నా రొమ్ము భగ్గుమనేది.

అవ్వ ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. ఘాటు రాలేదు. "చూస్తివా, ఎంత దిష్టి తగిలిందో!" అంది. (కాయలన్నీ నా రొమ్ములోనే కాలుతుంటే పొయ్యిలో ఘాటెలా వస్తుంది?) నీరసం పోవాలని సంగటీ, పచ్చిమిరపకాయల ఊరిబిండీ కొసరి కొసరి పెట్టింది. దాంతో మంట రెట్టింపై, నాది గుండెజబ్బేనని నాకు తేలిపోయింది. హిందూపురం డాక్టరు కోసం రైలెక్కాను. పెనుకొండలో బండి ఆగేసరికి నా సైకిలు తమ్ముడికే చెందాలని నిర్ణయించేశాను.

డాక్టరు అన్ని పరీక్షలూ చేసి నవ్వాడు. "గుండె గుర్రం మాదిరి ఉండాది. కడుపులో యాసిడ్ పైకి తంతాంది. దేనికప్పా అంత దిగులు?"

"రిజల్ట్స్, సార్."

"అదీ కథ. దిగులుపడితే మంట ఎక్కువైతాది. మంట చూసి నువ్వు ఇంకా దిగులుపడతావు. మంటకు మాత్రలిస్తా. దిగులు సంగతి ఇంట్లో చెప్పుకో. ఊరిబిండి మాత్రం ముట్టుకోవద్దు."

ఇంటికెళ్ళి మగ్గం పక్కన నిలబడి ఒక్క గుక్కలో చెప్పేశాను. "నాయనా, స్టాటిస్టిక్స్ పోతాదేమో."

నాయన మగ్గం ఆపాడు. "ఈడికి రా, చూడు." కండువా మీద నా పేరుంది. కింద ఖాళీ. "పేపరొచ్చినాంకనే ఏద్దామని ఆపినా. దినమూ జరీ లేకుండా ఉత్త పట్టుపోగులు నాలుగు నేస్తా, మల్లా విప్పుతా. చప్పుడు రాకుంటే మీ అవ్వ అడుగుతాది గదా!"

తర్వాత నడుము దగ్గర దాచిన వంటసోడా పొట్లం తీసి, రొమ్ము మీద చెయ్యేసుకున్నాడు. "నాకూ ఈడే మంట. అవ్వకు చెప్పొద్దబ్బా, నాకూ మిరపకాయలు తిప్పుతాది."

ఇద్దరం పొట్టచెక్కలయ్యేలా నవ్వాం. ఆ రాత్రి నెలలో మొదటిసారి నిద్రపోయాను.

పాసయ్యాను! ఈ మాట ఇప్పటికీ గట్టిగా అరిచినట్టే రాస్తున్నాను. స్టాటిస్టిక్స్‌లో గట్టెక్కడానికి ఎన్ని మార్కులు కావాలో సరిగ్గా అన్నే వచ్చాయి. నాయన ఆ పూటే బి.కాం. నేసేశాడు.

ఇప్పటికీ ఏదైనా భయం పట్టుకుంటే రొమ్ములో పాత మంట పలకరిస్తుంది. మాత్ర వేసుకుని బీరువా తీస్తాను. కండువా మీద పేరుకూ బి.కాం.కూ మధ్య కాస్త బట్ట నలిగి, నూగు లేచి ఉంటుంది. నాయన విప్పి విప్పి నేసిన చోటు అది. దాన్ని ఒకసారి వేలితో తడిమితే, పెనుకొండలోనే సైకిలు తమ్ముడికి ఇచ్చేసిన అప్పటి ఆ పిచ్చివాణ్ణి తలుచుకుని నవ్వొస్తుంది.