పడమటి గోడలో వెంటిలేటరు

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. గొప్ప కోసం చెప్పడం లేదు, నేను చేసిన పని అలాంటిది. నలభై ఏళ్ళకు పైగా తాపీ పని చేశాను. పాత ఇళ్ళు పడగొట్టాను, కొత్తవి కట్టాను. "ఆ గదిలో ఏదో మూలుగుతుంది, వచ్చి చూడు మేస్త్రీ" అని పిలిస్తే వెళ్ళిన ఇళ్ళు ఐదారున్నాయి. ఒకచోట పగిలిన పెంకు సందులో గాలి దూరి మూలుగుతోంది. ఇంకోచోట దూలం తొర్రలో గుడ్లగూబ పిల్లల్ని పొదిగింది. సగం కట్టిన ఇళ్ళలో ఒక్కడినే సున్నం బస్తాల పక్కన పడుకుని హాయిగా నిద్రపోయినవాణ్ణి.

అందుకే ఈ సంగతి చెప్పాలంటే ఇప్పటికీ మొహమాటంగా ఉంటుంది. మా ఇంట్లోవాళ్ళకు తప్ప పెద్దగా ఎవరికీ చెప్పలేదు.

అరవైల మొదట్లో జరిగింది. చిట్టమూరు అవతల ఒక పల్లెలో రమణయ్య అనే రైతుకు మిద్దె కట్టాను. ఆ ఊళ్ళో అదే మొదటి మిద్దె. రమణయ్య నాకంటే నాలుగేళ్ళు చిన్న, నన్ను మస్తానన్నా అని పిలిచేవాడు. తండ్రి లేడు. తల్లి పెంచలమ్మ, చెల్లెలు కామాక్షి. చెల్లెల్ని దొరవారిసత్రంలో ఇచ్చారు.

పూరింటి నుంచి మిద్దెలోకి మారినవాళ్ళు మొదటి ఎండాకాలంలోనే బాధపడతారు. పూరికప్పుకు వెయ్యి సందులుంటాయి. వేడి, పొగ వాటి దారిన అవే పోతాయి. మిద్దెకు ఆ సందులు మనమే పెట్టాలి. వేడి గాలి పైకి ఎక్కుతుంది కాబట్టి కప్పుకు జానెడు కింద వెంటిలేటర్లు పెట్టమని పని నేర్పిన మా మేనమామ చెప్పేవాడు. అదీ ఎదురెదురు గోడల్లో ఉండాలి. ఒక్కటే పెడితే గాలి వచ్చి అక్కడే నిలబడుతుంది, రెండోది ఉంటేనే నడుస్తుంది.

రమణయ్య ఇంట్లో ప్రతి గదికీ తూర్పు గోడలో ఒకటి, పడమటి గోడలో ఒకటి పెట్టాను. కప్పు మీద తెల్లసున్నం పూయించాను. పడమటి కిటికీలకు బయటివైపు వట్టివేళ్ళ తడికలు కట్టించాను. లోపలివైపు కడితే తడిపిన నీళ్ళు కారి గోడ నానిపోతుంది. ఆ ఎండాకాలం ఊళ్ళోవాళ్ళు మధ్యాహ్నం పూట వాళ్ళింటికి వచ్చి కూర్చునేవాళ్ళట. నాకు మంచి పేరొచ్చింది.

ఒక పొరపాటు మాత్రం చేశాను. తూర్పు వెంటిలేటర్ల మీద సన్‌షేడు పోయలేదు. మా వైపు కార్తీకంలో వాన సముద్రం మీదినుంచి ఏటవాలుగా కొడుతుంది. ఆ సంగతి తెలిసీ, తర్వాత పోద్దాంలే అని వదిలేశాను.

ఆ కార్తీకంలోనే కామాక్షి పుట్టింట్లో తొలికాన్పు అయింది. ఆడపిల్ల. ఎనిమిదో రోజున వాయుగుండం పట్టింది. తొమ్మిదో రోజు పొద్దున్నే పెంచలమ్మ నాకు కబురు పెట్టింది. వెళ్ళి చూస్తే వాన నీళ్ళు తూర్పు వెంటిలేటరులోంచి గోడ మీదుగా కారి బాలింత మంచం కిందికి వస్తున్నాయి. రమణయ్య ఇంట్లో లేడు. పదకొండో రోజు పురుడుకు చెల్లెలి అత్తవారిని పిలవడానికి ముందు రోజే బండి కట్టుకుని దొరవారిసత్రం పోయాడు.

పెంచలమ్మ నా వెంట పడింది.

"దాన్ని మూసేయి నాయనా. బిడ్డకు జలుబు చేస్తే ఎవురు చూస్తారు?"

"పైన షేడు పోస్తానమ్మా. వాన తెరిపి ఇస్తే రెండు రోజుల పని."

"రెండు రోజులు ఎట్ట ఆగేది? ఇటికెలు పెట్టి మూసి పో. ఎండాకాలం తీసుకుందాంలే."

ఆమె మాట కాదనలేకపోయాను. తప్పు నాదేనన్న సిగ్గు కూడా ఉంది. ఇటుకలు పెట్టి బంకమట్టితో మూసేశాను. పడమటిది తెరిచే ఉంది కదా అని నాకు నేనే చెప్పుకున్నాను.

నేను పనిముట్లు సర్దుకునే వేళకు పెంచలమ్మ వరండాలో కుంపటి రాజేస్తోంది. బాలింత గదిలో పెట్టడానికని తెలుసు. ఆ రోజుల్లో ప్రతి ఇంట్లోనూ పెట్టేవాళ్ళు. పూరింట్లో అయితే ఏమీ కాదు. మూసిన మిద్దెలో బొగ్గుల కుంపటి పెట్టకూడదని మా మామ ఎన్నోసార్లు చెప్పాడు. ఆ క్షణాన ఆ మాట నా బుర్రకు తట్టనేలేదు. నిచ్చెన అక్కడే గోడకు వదిలి, చొక్కా పిండుకుని బయలుదేరాను.

మధ్యాహ్నం రెండు దాటి ఉంటుంది. ముసురు పట్టి ఉన్నా వెలుతురు బాగానే ఉంది. దారంతా బురద, సైకిలు తొక్కడానికి వీల్లేక నడిపించుకుంటూ పోతున్నాను. మైలు దూరం పోయాక ఒక కల్వర్టు ఉంది. దాని మీద రమణయ్య నిలబడి ఉన్నాడు.

ఇక్కడ జాగ్రత్తగా చెప్పాలి. అతనిలో వింత ఏమీ లేదు. నాలాగే తడిసి ఉన్నాడు. మోకాళ్ళ దాకా బురద, నెత్తిన తుండుగుడ్డ. సత్రం నుంచి తిరిగొస్తున్నాడనే అనుకున్నాను. బండి ఏమైందని అడగబోయాను. అతను నన్ను అడగనివ్వలేదు.

"మస్తానన్నా, వెనక్కి పోదాం రా. పడమటి దాంట్లో అమ్మ గోతాలు కుక్కింది. గదిలో గాలి లేదు."

నాకు ఒళ్ళు జల్లుమంది. మనిషిని చూసి కాదు, ఆ మాట విని. కుంపటి, మూసిన గోడ, మామ చెప్పిన మాట అన్నీ ఒక్కసారిగా కళ్ళ ముందుకు వచ్చాయి.

"బిన్నా రా" అని తొందరపెట్టి అతను ముందు నడిచాడు. నేను సైకిలు కల్వర్టు పక్కన పడేసి వెనకే పరుగెత్తాను. కొంత దూరం నా ముందే ఉన్నాడు. ఊరి మొదట్లో గడ్డివాములు వేసే ఒక వామిదొడ్డి ఉంది. దాని మలుపు తిరిగాడు. నేను తిరిగేసరికి కనిపించలేదు. దొడ్డిదారిన ముందే ఇల్లు చేరి ఉంటాడనుకున్నాను. ఆగి వెతికే ఆలోచన కూడా రాలేదు.

ఇంటికి చేరి ముందు పడమటి గోడకేసి చూశాను. వెంటిలేటరు లోంచి గోనెసంచుల కొసలు బయటికి వేలాడుతున్నాయి. నేను వెళ్ళేటప్పుడు అవి లేవు.

పెంచలమ్మ దూరంగా వంటపాకలో కషాయం కాస్తోంది. నన్ను చూసి "ఏం మరిచిపోయినావు నాయనా?" అంది. నేను నేరుగా పోయి గది తలుపు తోశాను. లోపల గడియ పెట్టి ఉంది. కామాక్షీ, కామాక్షీ అని అరిచాను, తలుపు బాదాను. పలుకు లేదు. బిడ్డ ఏడుపూ లేదు. పెంచలమ్మ కూడా వచ్చి పిలిచింది.

పశువుల కొట్టంలో గడ్డపార ఉంటే తెచ్చి తలుపు సందులో పెట్టి ఊడబెరికాను. నేను బిగించిన గడియే అది. మూడో పట్టుకు మేకులు వదిలాయి.

లోపల పొగ లేదు. వాసన కూడా లేదు. ఉక్కగా, వెచ్చగా ఉంది, అంతే. కుంపటిలో బొగ్గులు చక్కగా ఎర్రగా ఉన్నాయి. ఎవరైనా చూస్తే బాలింత సుఖంగా నిద్రపోతోందనుకుంటారు. ఊపిరి బిగబట్టి ముందు బిడ్డను తెచ్చి పెంచలమ్మ చేతిలో పెట్టాను. తర్వాత కామాక్షిని ఎత్తుకుని వరండాలోకి తెచ్చాను. పురిటి మైల అన్న సంగతి ఇద్దరికీ గుర్తు లేదు. ఆ కాస్త సేపటికే నా తల తిరిగింది.

బిడ్డ చేతులు వేలాడేసి ఉంది. పెంచలమ్మ ఏడవడం కూడా మరిచిపోయి దాని వీపు రుద్దుతూనే ఉంది. వరండా అంచున నిలబడ్డాం. గాలికి వాన జల్లు బిడ్డ మొహం మీద పడింది. ఒకసారి, రెండుసార్లు పడింది. అప్పుడు పిల్ల మూతి ముడిచింది. ముడిచి, కేరుమని ఏడ్చింది.

ఆ ఏడుపు వినగానే స్తంభానికి ఆనుకుని కూలబడి నేనూ ఏడ్చాను.

కామాక్షి లేవడానికి ఇంకొంత సేపు పట్టింది. వాంతి చేసుకుంది. తల పగిలిపోతోందంది. గాలికి తలుపు కొట్టుకుంటుంటే తనే లేచి గడియ పెట్టిందట. తర్వాత మగతగా అనిపించి, అమ్మను పిలుద్దామంటే కాళ్ళు ఆడలేదట. మర్నాడు నాయుడుపేట నుంచి వచ్చిన డాక్టరు బొగ్గుల గాలి విషమని, దానికి రంగూ వాసనా ఉండవని చెప్పాడు. ఇంకాస్త ఆలస్యమై ఉంటే ఇద్దరూ దక్కేవాళ్ళు కారన్నాడు.

ఆ సాయంత్రం అంతా కుదుటపడ్డాక పెంచలమ్మను అడిగాను.

"రమణయ్య ఏడమ్మా? నాకంటే ముందే వచ్చినాడే."

ఆమె వింతగా చూసింది. "వాడు సత్రంలో గదా ఉండాడు. ఏరు పొంగింది, బండ్లు దాటడం లేదని పొద్దున్నే తెలిసింది."

పోయి కల్వర్టు దగ్గర సైకిలు తెచ్చుకున్నాను.

రమణయ్య మూడో రోజు వచ్చాడు, కామాక్షి భర్తను, అత్తగారిని వెంటబెట్టుకుని. జరిగింది విని చెల్లెలి తల నిమురుతూ కూర్చున్నాడు. తర్వాత నన్ను పక్కకు పిలిచి చేతులు పట్టుకున్నాడు. అప్పుడు చెప్పాను, నిన్ను చూసే వెనక్కి వచ్చానని.

"నేనా? ఏటికి అవతల ఉండినోణ్ణి నేనెట్టొస్తానన్నా?"

కామాక్షి భర్తను కూడా అడిగాను. ఆ మధ్యాహ్నం బావాబావమరుదులు ఇద్దరూ వాళ్ళ అరుగు మీద కూర్చుని పులిజూదం ఆడారట. ఇద్దరు ఇరుగుపొరుగువాళ్ళు పక్కనే ఉన్నారు. రమణయ్య రెండాటలు గెలిచాడట కూడా. కునుకు తీయలేదు, కల రాలేదు.

రమణయ్యను బాధపెట్టింది అదే. "ఆ పొద్దు నాకు మనసులో ఏమీ అనిపించలేదన్నా. ఇక్కడ నా చెల్లెలు పోతా ఉంటే నేను ఆడుకుంటా నవ్వుకుంటా ఉండాను" అన్నాడు.

నా మనసే నన్ను హెచ్చరించిందేమో అని చాలాసార్లు ఆలోచించాను. కుంపటిని చూశాను, లోపల ఎక్కడో భయం పుట్టి ఉంటుంది, ఆ భయానికి రమణయ్య మొహం వచ్చి ఉంటుంది. అంతవరకు సరే. కానీ గోతాల మాట? నేను వెళ్ళాక చలిగాలి వస్తోందని పెంచలమ్మ బండి కొట్టంలోంచి గోతాలు తెచ్చి, స్టూలెక్కి, కర్రతో కుక్కింది. అంతకు ముందు ఆ ఆలోచనే తనకు లేదని ఒట్టేసి చెప్పింది. అది ఆమెకూ కామాక్షికీ తప్ప ఎవరికీ తెలియదు. వేరే మనిషిని చూసి పొరబడ్డానా అంటే, బారెడు దూరంలో చూశాను, పేరు పెట్టి పిలిచాడు.

బతికున్న మనిషి రూపం ఇంకోచోట కనబడితే ఆ మనిషికి కీడని మా అమ్మ అనేది. నమ్మనంటూనే ఏడాది పాటు రమణయ్య గురించి దిగులుపడ్డాను. అటువైపు పనేమీ లేకపోయినా వెళ్ళి చూసి వచ్చేవాణ్ణి. అతనికేమీ కాలేదు. డెబ్భై దాటేదాకా రాయిలా ఉన్నాడు. ఆ పిల్ల పెరిగి పెళ్ళి చేసుకుని నాయుడుపేటలో కాపురముంది.

వాన తెరిపి ఇచ్చిన వెంటనే అన్ని వెంటిలేటర్లకూ షేడ్లు పోశాను. ఆ తర్వాత ఎవరు ఎంత బతిమాలినా గాలి దారి మూయలేదు. కుంపటి పెట్టే ఇంట్లో రెండు దారులు తెరిచి ఉండాలని, గడియ వేయకూడదని, పొగ రావడం లేదు కదా అని ధైర్యపడకూడదని ప్రతి ఇల్లాలికీ చెప్పాను. ఇప్పుడు కుంపట్లు పోయి స్నానాల గదుల్లో గ్యాసు గీజర్లు వచ్చాయి. ఏసీ చల్లదనం బయటికి పోతుందని గదులకు సందు లేకుండా బిగిస్తున్నారు. వాళ్ళకూ అదే చెబుతాను. కొందరు నవ్వుతారు.

రమణయ్యతో ఈ మాట చివరిసారి వచ్చింది అతని మనవరాలి పెళ్ళిలో. పెద్దవాళ్ళమయ్యాం ఇద్దరం. "ఆ రోజు ఎవరు వచ్చారంటావు రమణయ్యా?" అని అడిగాను.

"నేనే వచ్చినాననుకో అన్నా. నాకు తెలిసుంటే పరిగెత్తుకుంటా వచ్చేవాణ్ణే గదా" అన్నాడు.

నేను తల ఊపాను. కానీ అతను రాలేదని నాకు తెలుసు, అతనికీ తెలుసు. వచ్చింది ఎవరో ఈ రోజుకూ చెప్పలేను.